గాలిదా, స్ప్రింగుదా?

దివాకర్ ఎండాకాలం సెలవుకు కోరుట్ల వస్తే, సేటు ప్రశ్న ఫోన్లో వెంటబడి వచ్చింది. "కొత్త కొండసైకిళ్లు తెప్పిస్తున్నా. ముందు చక్రానికి కుదుపు ఆపే ఫోర్కులు గాలివా, స్ప్రింగువా? నువ్వు చెప్పిందే ఖాయం." మస్కట్ అవతలి కొండల్లో సేటు సైకిళ్లు అద్దెకిస్తాడు. వాటికి దివాకర్ ఒక్కడే మెకానిక్కు. మండే ఎండల్లో అక్కడ సైకిలెక్కేవాళ్లుండరు కనుకే ఈ సెలవు.

కల్లు గీసే ఇంట్లో పుట్టి, పానా పట్టుకుని సముద్రం దాటిన మనిషికి జవాబు తెలియక కాదు. ఆ రాళ్లలో, దుమ్ములో స్ప్రింగుదే మేలు. కాస్త బరువు, అంతే. దాని మానాన అది పనిచేసుకుపోతుంది. గాలిది తేలికే గానీ మహా గారాబం. ఎక్కేవాడి బరువును బట్టి పంపుతో గాలి సరిచేయాలి, గాలి పోకుండా ఆపే రబ్బరు సీళ్లు అరిగితే మార్చాలి, ఎప్పుడూ పక్కన మనిషి ఉండాలి.

అది తెలిసే, మొదటిసారి సేటు అడిగినప్పుడు "గాలివే" అన్నాడు. తనతో అవసరం తీరితే ఇంటికి పంపేస్తారన్నది గల్ఫుకు పోయిన ప్రతివాడి భయం. చేసుకున్నవారికి చేసుకున్నంత! తల్లి నర్సవ్వ చనిపోయిన రోజున సేటు బీరువాలోంచి పాస్‌పోర్టు తీయలేదు. "నువ్వెళ్తే గాలెవడు చూస్తాడు?" అన్నాడు. దివాకర్ తల్లి చితిని ఫోన్లో చూశాడు.

"గీసారి స్ప్రింగుదని చెప్పు," అంది భార్య వసంత, బీడీలు చుడుతూ. "నువ్వు లేకున్నా గా సైకిళ్లు నడువనీ. ఇంటికాడుండి ఏదన్న జేస్కుందం."

దివాకర్ సరేనన్నాడు. ప్రాణం తేలికపడింది. జవాబు చెబుదామని ఫోన్ తీశాడు.

అంతలో కూతురు నీల సైకిల్ తోసుకుంటూ వచ్చింది. "అమ్మా, చైన్ పడ్డది!" గడపలో కూర్చున్న తండ్రిని దాటుకుని తల్లి దగ్గరికే పోయింది. వసంత ఆకు కత్తిరించే కత్తెర మొనతో చైన్ లేపి, పెడల్ తిప్పి, పళ్లకు ఎక్కించింది. చేతులు కొంగుకు తుడుచుకుని మళ్లీ చాట ముందు కూర్చుంది.

"నన్నడగకపోతివి బిడ్డా," అన్నాడు దివాకర్.

"గింత దానికి నువ్వెందుకు నాయినా? ఎప్పుడు అమ్మనే చేస్తది గదా."

పిల్ల ఎత్తిపొడవలేదు, ఉన్నమాటే అంది. ఇల్లు తను లేకుండా నడవడం నేర్చుకుంది. కోరుట్లలో ఫోర్కులో గాలి కొట్టించుకునేవాడెవడు? తను లేకపోతే ఆగిపోయేది ఒక్క సేటు దుకాణమే, అదీ తను ఆడిన అబద్ధం పుణ్యమే. సిగ్గేసింది. అయినా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని జవాబు రికార్డు చేసి పంపాడు.

వసంత తలెత్తింది. "ఏమని జెప్పినవ్?"

"గాలివే."

ఆమె చేతిలో బీడీ సగంలో ఆగింది.

"తీస్కపోను మామిడికాయ తొక్కు పెట్టాల్నా మరి?" అంది.