బూట్లు విడిచిన పున్నమ్మ

చర్ల అవతలి అడవిలో పున్నమ్మను ఎరగనివాళ్లు లేరు. ఫారెస్టు వాచర్‌గా ఎనిమిదేళ్లుగా గుట్టలెక్కి దిగుతున్న మనిషి. అందుకే మంచుకొండలెక్కే శిక్షణకు ఒకరిని పంపాలన్నప్పుడు ఆఫీసులో ఆమె పేరే రాశారు. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని పున్నమ్మ సరేనని తలూపి రైలెక్కింది.

శిబిరంలో మొదటి రోజే కొంప మునిగింది. మంచువాలు అంచున అందరూ బూట్లకు ఇనుప ముళ్ల చట్రాలు బిగించుకుంటుంటే, పున్నమ్మ ఏకంగా బూట్లే విప్పి పక్కన పెట్టింది. గుట్ట మీద దేవర ఉంటుంది, చెప్పులతో ఎక్కకూడదు. తండ్రి పోతయ్య నేర్పిన మర్యాద అది. ఏ గుట్టకైనా అదే వర్తిస్తుందనుకుంది పిచ్చితల్లి. మేజోళ్లతో నాలుగడుగులు వేసిందో లేదో, శిక్షకుడు పరుగున వచ్చి రెక్క పట్టి లాగాడు. కాలివేళ్లు పోగొట్టుకుంటావా అని హిందీలో చెడామడా తిట్టాడు. మర్నాటి జారుడు పరీక్షలో తప్పితే పై శిబిరానికి పంపేది లేదని, సామాను సర్దుకోవాల్సిందేనని తేల్చేశాడు. తోటివాళ్లు నవ్వారు. పున్నమ్మకు తల కొట్టేసినట్టయింది. ఏ మొహం పెట్టుకుని ఊరికి వెళ్లడం?

పరీక్ష ఏమిటంటే, వాలు మీద కావాలనే జారాలి. జారుతూనే బోర్లా తిరిగి, చేతిలోని మంచుగొడ్డలికుండే కొక్కెంలాంటి మొనను మంచులో దించి ఆగాలి. ముందు వెళ్లిన ఇద్దరు చేతుల బలంతో పొడిచారు. గొడ్డలి ఊడి అడుగు దాకా జారిపోయారు. పున్నమ్మ అది చూసింది. వానాకాలం గుట్టవాలున గడ్డలు తవ్వే మనిషికి తెలుసు, గునపం దిగాలంటే చేతులు చాలవు, ఒంటి బరువంతా దాని మీద వేయాలి.

ఈసారి బూట్లు విప్పలేదు. గ్లౌజు తీసి, మంచును తాకి కళ్లకద్దుకుంది. జారింది, తిరిగింది, రొమ్ముతో గొడ్డలిని అదిమింది. రెండు బారల్లో ఆగింది. నమ్మని శిక్షకుడు మళ్లీ జారమన్నాడు, మళ్లీ ఆగింది. మూడోసారి తలకిందులుగా జారమంటే అలాగే జారి ఆగింది. ఇక ఆయన కలం తీశాడు. పై శిబిరానికి వెళ్లేవాళ్ల పట్టీలో ఆమె పేరు మొదట రాశాడు.

ఊరికి తిరిగొచ్చాక పోతయ్య సర్టిఫికెట్టు వంక చూడనైనా లేదు.

"కొండకాడ చెప్పులిడిసినవా బిడ్డా?" అని అడిగాడు.

"ఇడిసిన నాయినా. కొండ ఏమనలే, సారే తిట్టిండు."

ముసలాయన ముఖం విప్పారింది. ఆ ఏడు దేవర గుట్ట ఎక్కేటప్పుడు, ఏటా అందరికంటే ముందు నడిచే పోతయ్య చెప్పులు విడిచి పక్కకు జరిగాడు.

"నువ్వు ముంగట నడువు," అన్నాడు.

ఊరంతా చూస్తుండగా పున్నమ్మ ముందు నడిచింది.