కనపడని బరువును తూచిన మా సార్

మా ఫిజిక్స్ సార్ పోయారని పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూసి, జనగామ బస్టాండులో ఎక్కబోతున్న బస్సు వదిలేశాను. మహదేవపూర్‌లో గుండెనొప్పి వచ్చిందట. భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. ఆ కబురు కింద వరసగా దండాల బొమ్మలు. వాటి కిందే ఎవడో ప్లాట్ల ప్రకటన పెట్టాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

మరిపెడ వైపు మా కాలేజీలో, పేరెందుకు లెండి, ఆయన ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతూనే పీహెచ్‌డీ చేసేవారు. గెలాక్సీల గుంపుల బరువు కట్టి పటం గీయడం ఆయన పని. నోరు కాలేలా చాయ్ గటగటా తాగేసి, ఖాళీ గ్లాసును పేపర్ మీద పెట్టి, మందపాటి అడుగులోంచి మమ్మల్ని చూడమనేవారు. అక్షరాలు వంగి కనపడేవి.

“గెలాక్సీల గుంపు గూడ గిట్లనే బేటా. దాని బరువుకు ఎనుకనున్న గెలాక్సీల వెలుగు వంగుతది. ఆ గుంపుల కంటికి కనపడేది జరంత, కనపడనిదే ఎక్కువ. వంపును చూసి దాన్ని తూచాలె.”

ఒకసారి ల్యాప్‌టాప్‌లో ఫొటోలు చూపించి, ఆ వెనకాలి గెలాక్సీలు ఎటు ఒరిగాయో రాయమన్నారు. మేము అందంగా వంగినవాటినే ఏరి, తక్కినవి వదిలేశాం. లెక్క బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోయాం కూడా. సార్ తల పట్టుకున్నారు.

“నచ్చినయే ఏరుకుంటే గది పెండ్లిచూపులైతది, లెక్కెట్లయితది? ఒక్కటి వంకరుంటే దాని పుట్టుకే అంత. అన్నింటిని కలిపి చూసినంక గూడ ఒక్క తీరుగ ఒరిగితే, అప్పుడు నడుమ బరువున్నట్టు.”

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ఈ మాట చెప్పని ఏడాది లేదు.

ఆ పటం సగానికి వచ్చిన ఏడు, ఒక నాయకుడి అల్లుడికి ఇంటి దగ్గర పోస్టు కావలసి వచ్చింది. సార్‌ను మహదేవపూర్‌కు తోశారు. అక్కడి నుంచి వారం వారం వరంగల్‌లో గైడు దగ్గరికి వచ్చిపోవడం ఆయన వల్ల కాలేదు. పీహెచ్‌డీ రద్దయింది. ఎవరు చేశారు సార్ అని అడిగితే నవ్వారు.

“ఎవ్వరు కనపడరు బేటా. గని ఆర్డరొచ్చిన దినం స్టాఫ్ రూంల అందరి మొఖాలు ఒక్క దిక్కే తిరిగినయ్.”

మొన్న అదే కాలేజీలో సంతాప సభ పెట్టారు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు కదా, ఆనాడు మొహం తిప్పుకున్నవాళ్లే మైకు కోసం పోటీపడ్డారు. ఒకాయన గొంతు పూడుకుపోయినట్టు చేసి, “మారుమూల పిల్లల మీద ప్రేమతోటి సారే మహదేవపూర్ అడిగి పోయిండు” అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. నా ఒళ్లు మండిపోయింది.

సార్ భార్య, మేమంతా చాచీ అని పిలిచే ఆమె, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పాటించే ఇద్దత్‌లో ఇల్లు కదలకూడదు కనుక, సన్మానానికి సార్ వాళ్ల పెద్దక్క వచ్చింది. ప్రిన్సిపాల్ శాలువా విప్పి దగ్గరికొచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి మైకు అందుకుంది.

“మా తమ్ముడు అడగలే. మీరే పంపిన్రు. సదువు ఆగిపోతదని మీ అందరికి దండం పెట్టిండు. ఒక్కరన్న పలికిన్రా?”

మైకు బల్ల మీద పెట్టి మెట్లు దిగింది. నేను ఆమె వెనకే లేచాను. గుమ్మం దగ్గర తిరిగి చూస్తే, ప్రిన్సిపాల్ విప్పిన శాలువా పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు, ఎవరికి కప్పాలో తెలియక.