స్విచ్ వేసిన చెయ్యి

చిటికెన వేలి గోరంత కూడా ఉండని ఒక ఎర్ర మీటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. వాన పడితే రాశాను, చదువుతున్న నవలలో ఎవరైనా చనిపోతే రాశాను. ఇది మాత్రం రాయలేదు. ఆనాటి పేజీలో ఎండ ఎక్కువగా ఉందని ఒక్క వాక్యం ఉంటుంది, అంతే. మరి మీకెందుకు చెబుతున్నాను? మీకు నా ముఖం కనిపించదు కనుక, అనుకుంటాను.

ఖమ్మంలో బీఈడీ చదువుతున్నప్పటి సంగతి. టీచింగ్ ప్రాక్టీసులో ఒక పాఠమైనా కంప్యూటర్‌తో చెప్పాలని ఆ ఏడాదే మాకు కొత్తగా పెట్టారు. కాలేజీలో ఉన్నది ఒక్కటే. అందరూ దాని చుట్టూ మూగితే నేను వెనక నిలబడి, ముందువాళ్ల భుజాల మధ్య నుంచి చూశాను. ముట్టుకోనే లేదు. అడగాలంటే సిగ్గు. అడిగితే నాకు రాదని అందరికీ తెలిసిపోతుందని భయం.

నన్ను భద్రాచలం వైపు అడవిలో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు పంపారు. ఎవరో దానమిచ్చిన కంప్యూటర్ అక్కడా ఒకటి ఉంది. తెరకు కుంకుమ బొట్టు పెట్టి, దుప్పటి కప్పి, గదికి తాళం వేసి ఉంచారు. ఎనిమిదో తరగతిలో భద్రమ్మ అనే పిల్ల నేను వెళ్లిన రోజు నుంచే నా వెంట పడింది. వాళ్ల గూడేనికి కరెంటు లేదు. "టీచర్, అది ఎప్పుడు తీస్తరు? దాంట్ల నా పేరు కొట్టనిస్తరా?" అని కనబడినప్పుడల్లా అడిగేది. తెలియనిదాన్ని అడగడానికి ఆ పిల్లకు ఏమాత్రం సిగ్గు లేదు. నాకది వింతగా ఉండేది.

పాఠం చెప్పాల్సిన రోజు పొద్దున కరెంటు కోత. తాళం తీయించుకుని ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్లాను. కరెంటు లేనప్పుడు అది నన్నేమీ చేయలేదన్న ధైర్యం. వైర్లన్నీ పెట్టి, కంప్యూటర్ పెట్టె వెనక తడిమి చూసుకుంటుంటే ఆ ఎర్ర మీట తగిలింది. దాని మీద ఏదో అంకె. వేలితో కదల్లేదు. జడ పిన్నుతో పక్కకు నెట్టాను. టక్కుమని జరిగి ఇంకో అంకె బయటపడింది. ఎందుకు నెట్టాను? ఆన్ చేసే మీట అనుకున్నానా? లేక ఎవరూ లేనప్పుడు నా వేళ్లు ధైర్యం చేసి చూసుకున్నాయా? వెనక్కి జరపబోతుంటే వరండాలో చెప్పుల చప్పుడైంది. దుప్పటి కప్పేసి బయటికి వచ్చేశాను.

మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. మా లెక్చరర్ మార్కులు వేయడానికి చివరి వరసలో కూర్చున్నారు. ఇక గోడ మీది స్విచ్ వేయడమే మిగిలింది. నా చెయ్యి లేవలేదు. పొద్దుటి టక్కుమన్న చప్పుడు చెవిలోనే ఉంది. ఏం జరుగుతుందో నాకు తెలియదు, అది నిజం. ఏదో జరగవచ్చని మాత్రం తెలుసు, ఇదీ నిజమే. జరిగితే అది నా చేతి కింద జరగకూడదనుకున్నాను. అంత స్పష్టంగా అనుకున్నానా? అనుకున్నాను.

భద్రమ్మను పిలిచి స్విచ్ వేయమన్నాను.

పిల్లలను పాఠంలో కలుపుకుంటే మార్కులుంటాయి. లెక్చరర్ మెచ్చుకోలుగా తల ఊపారు. ఆ పిల్ల చేతులు పావడాకు తుడుచుకుని, మునివేళ్ల మీద లేచి స్విచ్ వేసింది.

తుపాకీ పేలినట్టు చప్పుడు. పెట్టె వెనక నుంచి పొగ, కాలిన వాసన. పిల్లలంతా బయటికి పరుగెత్తారు. భద్రమ్మ మాత్రం ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నిలబడిపోయింది.

హెడ్మాస్టర్ వచ్చి ఎవరు చేశారని అడిగారు.

"నేనే సార్. గట్టిగ ఒత్తిన" అంది భద్రమ్మ.

ఆయన నా వైపు తిరిగారు. "ఏందమ్మా, నువ్వు జూసినవా?"

"అవును సార్. తనే వేసింది."

అందులో ఒక్క మాటైనా అబద్ధం కాదు. నన్ను పట్టి పీడించేది అదే.

ఆయన ఆ పిల్లను కొట్టలేదు. "కరెంటు మొఖం జూడని పిల్లతోని ఏయిస్తే గిట్లనే అయితది" అని నన్నే మందలించి గదికి తాళం వేశారు. బాగుచేసే మనిషి వస్తాడన్నారు. ఆ తర్వాత బస్సు హారన్ వినబడినప్పుడల్లా ఎవరు దిగుతారోనని కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. అతను రాకముందే నా ప్రాక్టీసు ముగిసింది. అయితే అక్కడున్నన్ని రోజులూ ఒకటి చూశాను. తోటిపిల్లలు "లైటు ముట్టకే, పేలుతది" అని నవ్వేవాళ్లు. భద్రమ్మ కూడా నవ్వేది. పొద్దుగూకాక హాస్టల్ గదిలో ఒక్కతే ఉంటే, ఎవరో ఒకరు వచ్చి లైటు వేసేదాకా చీకట్లోనే కూర్చునేది. నేను కిటికీ బయట నిలబడి చూశాను. లోపలికి వెళ్లలేదు.

తర్వాత ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే ఒక షాపులో, ఎవరికో జరిగినట్టు చెప్పి అడిగాను. మన కరెంటుకు సరిపడని వైపు ఆ మీట జరిగి ఉంటే స్విచ్ వేయగానే పేలుతుందట. గట్టిగా ఒత్తినా, మెల్లగా ఒత్తినా.

ఇప్పుడు మధిర దగ్గర బడిలో పనిచేస్తున్నాను. పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను. మొదట వంగి దాని వెనక చూడకుండా ఏ రోజూ స్విచ్ వేయలేదు.

పోయిన ఏడాది, చెప్పేద్దామనే వాళ్ల గూడెం వెళ్లాను. భద్రమ్మ ఎప్పుడో బడి మానేసి కూలికి పోతోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది, మంచం వాల్చింది. వాళ్లకు ఇప్పుడు కరెంటు ఉంది. లోపల మసక చీకటి. స్విచ్ ఆమె భుజం పక్కనే ఉంది. ఆమె గుమ్మంలోకి వెళ్లి చెల్లెల్ని కేకేసింది. "టీచరొచ్చింది, జల్దీ వచ్చి లైటెయ్యే."

లైటు వెలిగాక నా ఎదురుగా కూర్చుంది. మెల్లగా అడిగింది. "నేను ఖరాబు జేసిన కంప్యూటర్ బాగైందా టీచర్?"

నాకు తెలియదు. బాగైందన్నాను. ఆమె ముఖం తేటపడింది. ఇక ఆ ముఖం ముందు అసలు సంగతి ఎత్తలేదు. చెబితే నన్నెలా చూస్తుందోనని భయం. అదే పాత భయం. టీ తాగి, బస్సు వేళైందని లేచాను.

ఇది ఆమెకు చేరదు. చేరదని తెలిసే రాస్తున్నానేమో, అదీ పిరికితనమే. అయినా ఇంతవరకు ఏ కాగితం మీదా పెట్టని మాట ఒకటుంది. ఇప్పుడు పెడుతున్నాను.

ఆ మీట జరిపింది నేను.