నీడ చూసి తప్పుకునే మనిషి

కాంట్రాక్టు కార్మికుల వినికిడి మీద నేను చేసిన పరిశోధనను పరీక్షకులు తప్ప ఎవరూ చదవలేదు. హిందీ మాట్లాడే మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బర్మామైన్స్ బస్తీ సందుల్లో తిరిగి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలతో గంటల తరబడి మాట్లాడి రాసిందంతా అల్మారాలో చేరింది.

"పట్టికలు ఎవరు చదువుతారమ్మా? నువ్వు కనుక్కున్నవి పేజీకొకటి చొప్పున చిన్న కథలుగా రాయి. ముందు వాళ్లకే చదివి వినిపించు," అన్నారు మా గైడు.

ఆరు రాశాను. దేనిలోనూ పేర్లు పెట్టలేదు. మూడోది ఒక ఖలాసీ కథ. క్రేన్ కొక్కేనికి బరువులు తగిలించడం అతని పని. బరువు కదిలేముందు మోగే సైరన్ వినపడక ఏళ్లయింది. ఆ సంగతి పైవాళ్లకు తెలియనివ్వడు. నేల మీద బరువు నీడ కదలగానే పక్కకు జరుగుతాడు. ముగ్గురు చెప్పినవి కలిపి ఆ ఒక్కణ్ణి తయారుచేశాను. ఎవరూ గుర్తుపట్టలేరని నా ధీమా.

ఒక ఆదివారం సాయంత్రం చిన్న హాల్లో చదివాను. మిగతా వాటికి నవ్వారు, నిట్టూర్చారు. మూడోది చదువుతుంటే ముందు వరుసలో మగవాళ్లు తలలు దించుకున్నారు. మనసుకు తగిలిందనుకుని లోలోపల పొంగిపోయాను. వెళ్లేటప్పుడు అందరికీ తలా ఒక ప్రతి ఇచ్చాను.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, ఆ ముగ్గురిలో ఒకాయన భార్యతో కలిసి బారిడీహ్‌లో మా ఇంటికి వచ్చాడు. టీ ముట్టుకోలేదు. ఆమే మాట్లాడింది.

"నువ్వు రాసిన కాయితం కాంట్రాక్టరు ఫోన్లోకి ఎల్పోనాదమ్మా. ఎవడో హిందీలో సెప్పీసినాడంట."

"అందులో ఈయన పేరు లేదు కదమ్మా."

"పేరెందుకు? నీడ సూసి తప్పుకుంటాడని రాసీసినావు. ఇప్పుడు సూపర్‌వైజరు ఎనకమాల నిలబడి పిలుత్తన్నాడు. తిరిగినోడు బతికిపోనాడు. తిరగనోడికి 'కల్ సే మత్ ఆనా', రేపట్నించి రావొద్దని, అంతే. ఇద్దరి గేట్ పాసులు లాగీసుకున్నారు."

ఆయన మా పెదవులనే చూస్తున్నాడు. మీరెలా బయటపడ్డారని గట్టిగా అడిగాను.

"పక్కోడు మోచేత్తో పొడిసినాడు," అన్నాడు. "ఇప్పుడు నాను నేల మీదకి సూడ్డం మానేసినానమ్మా. కిందకి సూసినోణ్ణే ముందు పట్టుకుంటన్నారు," అన్నాడు.

అంటే, నీడ కూడా చూడడం లేదన్నమాట.

"మరి బరువు మీదికి వస్తే?" అన్నాను.

నా ప్రశ్న ఆయనకు వినపడిందో లేదో తెలియలేదు. ఆమె మాత్రం నన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడే కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లాను. చెవులు పోయిన వాళ్లకు పని మార్చాలి గాని, పంపేయకూడదని చెప్పబోయాను. ఆయన లేచి కుర్చీ వేశాడు. "బహుత్ అచ్ఛా లిఖా మేడం, సేఫ్టీకి బాగా పనికొచ్చింది," అని హిందీ, తెలుగు కలిపి మెచ్చుకున్నాడు. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని అడిగాడు: "ఔర్ హై క్యా?"

ఇంకేమీ లేవన్నాను. ఇంటికొచ్చి మిగిలిన కాగితాలు చింపేశాను. ఫోన్లలోకి పోయినవాటిని ఏం చెయ్యగలను? పని మార్పించుకోమని, మా ఇంటికొచ్చిన ఆ ఖలాసీకి రెండుసార్లు చెప్పిచూశాను. అడిగితే చెవుల సంగతి ఒప్పుకున్నట్టే అవుతుందని ఆయన అడగలేదు. ఇప్పటికీ అదే క్రేన్ కింద పని చేస్తున్నాడు.

కొన్నాళ్లపాటు రోజూ షిఫ్టు దిగే వేళకు ఆయన భార్యకు ఫోన్ చేసి, ఆయన వచ్చాడా అని అడిగేదాన్ని. "వచ్చీసినాడమ్మా," అనేది. ఒకరోజు చాలాసేపటికి గాని ఎత్తలేదు. ఎత్తాక ముందు ఊపిరి వినిపించింది.

"నువ్వింక ఫోన్ సెయ్యకమ్మా," అంది. "ఈ టైముకి ఫోన్ మోగితే నా గుండె ఆగిపోతంది."