తలుపు మీద వడియాలు

నాకు ముక్కు మీద కోపం. బళ్ళో పిల్లల దగ్గర్నుంచి మా ఆయన వరకూ అందరూ ఒప్పుకున్న సంగతే ఇది. ఆ కోపంలో ఉండగా ఒకరు నా చెయ్యి పట్టుకుని ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

గోదావరి పాయకి అవతల ఉన్న మా పుట్టింటి ఊళ్ళో చర్చి కొత్తగా కట్టారు. గుమ్మానికి రెండు రెక్కల టేకు తలుపు. దాని మీద బొమ్మలు వేసే పని నాకివ్వమని నేనే అడిగాను. సంఘ పెద్ద ఒకాయన అడ్డుపడ్డారు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారే ఆయన. డ్రాయింగ్ టీచరు అట్టల మీద బాగానే వేస్తుంది గానీ, ఎండకీ వానకీ ఆవిడ రంగు నిలుస్తుందా అని నలుగురిలో అన్నారట. రంగు ఎక్కడ ఊడినా ఆ తలుపు పక్కన పెట్టి కంపెనీ తలుపు తెచ్చి బిగిస్తామనే షరతు మీద చివరికి ఒప్పుకున్నారు.

వేసవి సెలవులంతా రాజమండ్రిలో మా ఇంటి హాల్లో అదే పని. నీలం రంగు మీద పైన ద్రాక్షతీగ, కింద ఏరు, పడవ, ఆరేసిన వల. మా ఆయన సోఫాని వరండాలోకి జరుపుకుని, టీవీ వార్తలు కిటికీలోంచి చూశారు.

రంగు వెయ్యడం కంటే వేసిన రంగుని కాపాడటం కష్టమని పని అయ్యాకే తెలిసింది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. గోడకి ఆనిస్తే ఒరుసుకుంటుంది. ప్లాస్టిక్ కవరు చుడితే ఉక్కకి అంటుకుంటుంది. ఒక రెక్క మీద ఇంకో రెక్క పెడితే మళ్ళీ విడదీయలేం. అందుకని వారం ఆరనిచ్చి, రెండింటినీ డాబా మీదకి ఎక్కించి, నాలుగు మూలలా రంగు డబ్బాలు పెట్టి వాటి మీద పడుకోబెట్టాను. దుమ్మూ కాకిరెట్టా పడకుండా అత్తయ్యగారి పాత నూలు చీరలు రెండు కప్పి, తలుపుకి మడత బందులు కొనడానికి కోటగుమ్మం వైపు వెళ్ళాను.

తిరిగొచ్చి డాబా ఎక్కేసరికి, కుడి రెక్క మీద కప్పిన చీర నిండా సగ్గుబియ్యం వడియాలు. గీత గీసి పెట్టినట్టు వరసలు. అత్తయ్యగారు గిన్నె, గరిటె పట్టుకుని ఎడమ రెక్క వైపు తిరుగుతున్నారు.

ఆవిణ్ణి తప్పు పట్టడానికీ లేదు. మా వైపు వేసవిలో డాబా మీద కాస్త ఎత్తుగా, బల్లపరుపుగా ఉండి, పాత నూలు చీర పరిచి ఉన్నదేదైనా వడియాల కోసమే. నేనే ఆవిడ కోసం సిద్ధం చేసి వెళ్ళాననుకున్నారు. కోడలికి ఇన్నాళ్ళకి బాధ్యత తెలిసొచ్చిందని కిందింటావిడకి చెప్పారట కూడా.

అది పొయ్యి మీంచి దించి తెచ్చిన జావ. వేడీ తడీ రెండూ చీరలోంచి కిందికి దిగాయి. ఒక అంచు ఎత్తి చూస్తే గుడ్డ రంగుకి అతుక్కుపోయి ఉంది. మర్నాడే వ్యాను వస్తుంది. ఎల్లుండి ఆదివారం చర్చి ప్రతిష్ఠ. నోటికొచ్చిందల్లా అనేసి, చీర కొస రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"లాగకమ్మా, ఊడొచ్చేస్తది. వడియాన్ని లాగుతామా ఎక్కడైనా? తడిపితే అదే వదులుద్ది."

పైనున్న జావని ముందు గరిటె అంచుతో తీసేశారు. తర్వాత వేరే గుడ్డని చన్నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఒక్కో గుండ్రం మీద అద్ది, కాసేపు ఆగి, చీరని వేలెడు వేలెడు చొప్పున లేపారు. ఏటా ఎండిన వడియాల చీరని తిరగేసి, వెనకనుంచి నీళ్ళు చిలకరించి, ఒక్క వడియం విరక్కుండా తీసే చెయ్యి అది. గంట పైనే పట్టింది. రంగు చీర వెంట రాలేదు. పడవ మీదా వల మీదా మాత్రం రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చలు వరసగా మిగిలాయి. గీకి మళ్ళీ వేద్దామంటే ఆరే వ్యవధి లేదు.

అన్ని మాటలన్నందుకు నేను సారీ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

మర్నాడు తలుపు సర్దే పని ఆవిడే చేతుల్లోకి తీసుకున్నారు. మా ఆయన ముచ్చటపడి తెచ్చిన బుడగల కవరుని వెనక్కి పంపించేశారు. ఉతికి ఆరేసిన నూలు చీరలు ముడతల్లేకుండా చుట్టి, మూలలకి పాత బొంత ముక్కలు కట్టించారు. బొమ్మలున్న వైపులు లోపలికి తిప్పి, రంగు లేని అంచుల దగ్గర చెక్కముక్కలు పెట్టి, రెండు రెక్కల మధ్యా చెయ్యి దూరేంత ఖాళీ ఉంచారు. వ్యానులో పీచు పరుపు వేసి నిలువుగా నిలబెట్టాం. తాడు బొంత మీంచే పోవాలని నాలుగుసార్లు విప్పించి కట్టించేసరికి డ్రైవరుకి తల ప్రాణం తోకకొచ్చింది.

వంతెన దారంతా గుంతలని, బళ్ళని దాటించే పంటు మీద ఏరు దాటాం. ఆ ఇంజను దడకి పంటు మీదున్న మోటారు సైకిళ్ళన్నీ వణుకుతున్నాయి. అత్తయ్యగారు వ్యాను వెనకెక్కి, తలుపుకి భుజం ఆనించి కూర్చున్నారు. అన్ని చీరలు చుట్టారు, లోపల పెళ్ళికూతురు గానీ ఉందా అని ఎవరో అడిగితే, పెళ్ళికూతురైతే నడిపించుకొచ్చేదాన్ని, ఇంత కాపలా ఎందుకన్నారు. గాలికి నా భయం కాస్త ఎగిరిపోయింది. చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

ఆదివారం పొద్దున్నే తలుపు బిగించాం. ఏటవాలు ఎండలో నీలం రంగు మెరిసిపోయింది, మచ్చలూ కనబడ్డాయి. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టి చూశారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. తిట్టినా ఇంత భయం వేసేది కాదు.

పాటలయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే చెప్పమన్నారు పాస్టరు గారు. జబ్బు తగ్గినవాళ్ళూ, ఉద్యోగం వచ్చినవాళ్ళూ లేచి దేవునికి కృతజ్ఞత చెప్పుకునే సమయం అది. అత్తయ్యగారు లేచారు. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తన తప్పు ఒప్పుకోవడం నేను వినలేదు. నా పని మెచ్చుకోవడమూ వినలేదు.

"ఆ తలుపు మీద మచ్చలు మా కోడలివి కావండి, నావి," అన్నారు. "బల్లనుకుని, పొయ్యి మీంచి దింపిన జావ తెచ్చి వడియాలు పెట్టేశానండి. చీర అంటుకుపోయింది. కానీ మాస్టారు గారూ, అంత వేడి పోసినా మా అమ్మాయి వేసిన రంగు గోరంత ఊడలేదండి. ఇంక దానికి ఎండెంత, వానెంత?"

చర్చి అంతా నవ్వింది. మాస్టారు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వారు. నేను పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, సంతోషంతోనే. కంపెనీ తలుపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద, సారీ చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ వినిపించుకోలేదు. వచ్చే వేసవిలో తలుపులేమైనా వస్తే డాబాలో నీడ పడే సగం నాకు, ఎండ కాసే సగం తనకి అని అక్కడికక్కడే పంచేశారు.