కాశమ్మ వేసిన గుర్తు

పెళ్లయిన కొత్తలో కాశమ్మ దొర గడీ బట్టలు ఊరికే ఉతికేది. కూలి అడిగితే తన్నులే. రైతులు తిరగబడ్డ రోజుల్లో పారిపోయిన దొర, పోలీసు చర్య తర్వాత మిలటరీ వెనకాలే మళ్లీ ఊళ్లోకి వచ్చాడు. ఇక ఆ గడప తొక్కనని కాశమ్మ మొగుడితో కలిసి పట్నం దారి పట్టింది. యూనివర్సిటీ పక్కన మాణికేశ్వర్ నగర్‌లో గుడిసె వేసుకున్నారు. ఇక్కడ ఉతికితే కూలి దొరికేది. మొగుడు పోయినా, ఆ కూలితోనే కొడుకు బాలస్వామిని బి.ఎ. చదివించింది.

డిగ్రీ వచ్చింది గాని నౌకరీ రాలేదు. రాష్ట్రాలు కలిసేటప్పుడు ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకేనన్న మాట కాగితం మీదే ఉండిపోయిందని, అరవై తొమ్మిదిలో క్యాంపస్ భగ్గుమంది.

ఒక పొద్దున బాలస్వామి ఇస్త్రీ బట్టల్లోంచి తెల్ల అంగి లాగాడు. అది తార్నాకలో కాపురముండే కర్నూలు గుమాస్తా శ్రీనివాసులుది. చాకలి ఇళ్లలో పిల్లలు ఒక పూటకు వాడుక ఇళ్ల బట్టలు తొడుక్కోవడం మామూలే.

"సారు అంగిరా అది!"

"నౌకరీ ఆయనకే, అంగి గూడ ఆయనకేనా?" నవ్వాడు. "జులూస్‌ల మంచిగ కనపడొద్దానే? పగటీలికి నేనే వాళ్లింట్ల ఇచ్చొస్త."

"మరక పడనియ్యి, నిన్నే బండకేసి ఉతుకుత."

సాయంత్రం తార్నాకలో కాల్పులు జరిగాయన్నారు. ఆ వెనకే కానిస్టేబుల్ వచ్చాడు. చేతిలో కత్తిరించిన కాలరు ముక్క. దాని లోపల, ఇంటికొకటి చొప్పున జీడిగింజ రసంతో కాశమ్మ వేసే గుర్తు, రెండు చుక్కలు, అడ్డగీత. ఎన్ని ఉతుకులు ఉతికినా పోనిది.

"చచ్చిపోయినోడెవడో తెల్వదు. గీ గుర్తు నీదేనట. ఎవలింటిది?"

కాశమ్మ ఆ గుర్తు వంక చూసింది. బాలస్వామి మధ్యాహ్నానికే ఇచ్చేసి ఉంటాడు. ఇచ్చేసే ఉంటాడు. సారు తొడుక్కుని బయటికి పోయి ఉంటాడు.

"శ్రీనివాసులు సారుది," అంది.

దారి చూపిస్తూ తనే ముందు నడిచింది. శ్రీనివాసులు ఏనాడూ ఆమెను ఒక్క మాట అన్నవాడు కాదు. ఆయన భార్య లలిత, కాశమ్మకు జ్వరమొస్తే గంజి కాచి పంపింది. ఆ లలిత ఇవాళ గుండెలు బాదుకోవాలని, ఆ మనిషి ఇంట్లో ఉండకూడదని, తెలిసిన దేవతలందరికీ మొక్కుకుంటూ నడిచింది.

తలుపు కొట్టింది.

శ్రీనివాసులే తీశాడు. బనీను మీద ఉన్నాడు.

"ఏం కాశమ్మా, నా తెల్లచొక్కా ఇంగా తేలేదే? పొద్దున్నించి చూస్తాండా."

ఆమె కానిస్టేబుల్ చేతిలోని కాలరు ముక్క అందుకుంది.

"ఇగ రాదు సారూ."