ధిక్కారం అంటే ఏందని అడిగిన జేజి

నిన్న టీవీలో ‘ధిక్కారం’ అనే మాట వినగానే, తెల్లదొరల కాలం నాటి బందెలదొడ్డిలో మేకల వాసన గుప్పుమంది. నల్లమల అంచున పెరిగిన మా ఈడు వాళ్లకు ఆ దొడ్డి గుర్తుండే ఉంటుంది.

అడవిలో మేశాయని ఫారెస్టు గార్డు మా మేకల్ని అందులో పెట్టించాడు. ఇంట్లో మేకపిల్లలు పాలకు అరుస్తుంటే ఓర్చుకోలేక, మా నాయనను కన్న జేజి వెళ్లి దొడ్డి తడిక పీకేసింది.

“సర్కారునే ధిక్కరిస్తావా?” అని గార్డు గద్దించాడు.

“అంటే ఏంది సామీ? పిల్లల కాడికి తల్లులను తోలుకపోతాండా,” అంది జేజి.

గార్డు మేకల్ని మళ్లీ లోపలికి తోలించి, ఆమెను మార్కాపురం జైలుకు పంపించాడు. నాయన విడిపించుకొచ్చేసరికి మేకల్ని వేలం వేసేశారు.

జేజి తెగువను మెచ్చుకుంటూ ఊరంతా మా ఇంటికి వచ్చింది. ఆమె ఖాళీ కొట్టంలోంచి బయటికే రాలేదు.

“నన్ను మెచ్చుకోవద్దని వాళ్లకు జెప్పు నాయనా,” అని మా నాయనతో అంది. “పాలు లేక పిల్లలన్నీ సచ్చిపోయినాయి.”